కంటి వెనక బొమ్మ

కళ్ళు కనబడడం లేదని వచ్చేవాళ్ళను చూస్తే జ్ఞానమణికి భయం వేసేది కాదు. ముసలివాళ్ళు మనవరాళ్ళ భుజాలు పట్టుకుని వస్తారు, పొర అడ్డం వచ్చిందంటారు. ఆస్పత్రి డాక్టరు దొరసానమ్మ ఆ పొర కోసి తీసేస్తుంది. పది రోజులకు కట్టు విప్పగానే మనవరాలి రవిక రంగు చెప్పి, బోసినోటితో నవ్వుతూ ఇంటికి పోతారు. జ్ఞానమణికి భయమల్లా కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయని చెప్పేవాళ్ళతోనే. కాలి పుండు మానలేదనో, ఎన్ని చెంబులు తాగినా దప్పిక తీరలేదనో వచ్చి, "కండ్లకేమమ్మా, ఆ కొండ మీది మేకల్ని లెక్కబెట్టమంటావా?" అని అడుగుతారే, వాళ్ళతో.

కోయిలకుంట్లకు రెండు మైళ్ళ అవతల ఉన్న ఆ చిన్న మిషన్ ఆస్పత్రిలో ఆమెది నర్సు పని. దానికి తోడు ఇంకెవరికీ చేతగాని పని ఇంకొకటి ఉంది, బొమ్మ గీయడం. చీకటి గదిలో రోగిని స్టూలు మీద కూర్చోబెట్టి, వేలెడంత గొట్టానికి బ్యాటరీ దీపం వెలిగించి, దొరసానమ్మ తన ముక్కు రోగి చెంపకు తగిలేంత దగ్గరగా వంగి కంటిలోకి చూస్తుంది. మనం చూసేది కంటి ముందు భాగం. ఆమె చూసేది వెనక గోడ. అక్కడ ఏ రక్తనాళం ఎటు పోతోందో, ఏ చుక్క ఎక్కడుందో ఆమె చెబుతుంటే, మూలన సన్న దీపం ముందు కూర్చున్న జ్ఞానమణి, సున్నా గీసిన కాగితం మీద రంగు పెన్సిళ్ళతో గీస్తుంది. మంచి కంటి బొమ్మ చూడముచ్చటగా ఉంటుంది. పండిన నారింజ రంగు, మధ్యలో లేత పసుపు బిళ్ళ, దానిలోంచి పుట్టి నలుదిక్కులకూ పారే ఎర్రటి ఏరులు. అంతే. ఎర్ర చుక్కలూ పసుపు మచ్చలూ ఎక్కువయ్యే కొద్దీ ఆమె రోగి వైపు చూడడం మానేసేది. ఏడేళ్ళలో అలాంటి బొమ్మలు తొమ్మిది గీసింది. ఆ తొమ్మిది మందిలో ఇద్దరు బతికి లేరు. ఆరుగురు ఇప్పుడు గోడ తడుముకుంటూ నడుస్తున్నారు. మిగిలిన ఒక్కడి సంగతి ఎవరికీ తెలియదు. ఆ తొమ్మిది మందీ మొదటిరోజు కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయన్నవాళ్ళే.

పంతొమ్మిది వందల ముప్ఫై ఎనిమిదో సంవత్సరం జనవరి నెలలో పదో బొమ్మ తనంతట తాను నడిచి వచ్చింది. అది వచ్చింది ఆమె సొంత అన్న ముఖంలో.

శాంతయ్య నల్లదిన్నెలో జొన్న చేను చేసుకునే రైతు. చెట్టంత మనిషి. ఎద్దు మొండికేస్తే కాడి తన భుజానికి ఎత్తుకునే రకం. అయితే ఊళ్ళో ఆయనకున్న గౌరవం చేను వల్ల వచ్చింది కాదు. ఆ ఊరి చర్చి గుడిలో ఆదివారం వాక్యం చదివేది ఆయనే. పాస్టరు నెలకొకసారి గుర్రబ్బండిలో వస్తాడు. మిగిలిన ఆదివారాలు ముప్ఫై ఇళ్ళ జనానికి ఆయన గొంతే దిక్కు. ఆ ముప్ఫై ఇళ్ళలో చదువు వచ్చిన మగవాడు ఇంకొకడు లేడు. ఆయనకు ముందు తండ్రి లేవి చదివేవాడు. ఆ పీఠం దగ్గర నిలబడి పుస్తకం తెరిస్తే శాంతయ్యకు రాజ్యం వచ్చినట్టే ఉండేది. అది పోతే ఆ మనిషిలో ఏం మిగులుతుందో చెల్లెలికి బాగా తెలుసు.

బొటనవేలి పుండు మూడు నెలలుగా మానలేదని వచ్చాడు. ఆయన మూత్రం పట్టి, గాజు గొట్టంలో నీలం మందు కలిపి కాచింది జ్ఞానమణి. నీలం ఆకుపచ్చైంది, ఆకుపచ్చ పసుపైంది, ఆఖరికి అచ్చం ఇటికె రంగు తిరిగింది. చక్కెర జబ్బు. అంత ముదిరిన రంగు చూసి దొరసానమ్మ గొట్టం పక్కన పెట్టి, కళ్ళు చూడాలంది.

"ఏమ్మే మణీ, కాలికి మందు పూయమంటే కండ్లల్లో దీపం పెడతామంటారేందే? కాలు యాడుండాది, కన్ను యాడుండాది!"

"రెండూ నీ ఒంట్లోనే ఉండాయి గదన్నా. కుదురుగా కూర్చో."

ముందు గోడ మీది అక్షరాల అట్ట చదివించింది. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చదవమంటే, ఆఖరి వరస దాకా పీఠం దగ్గర చదివినట్టే గడగడా చదివేశాడు. కుడి కన్ను మూసింది. మొదటి వరసలో అరచేతంత అక్షరాలున్నాయి. వాటినే తప్పు చదివాడు.

"దుమ్ము పడిందిలే మొన్న తూర్పార బట్టేటప్పుడు" అన్నాడు. ఎడమ కన్ను ఎన్నాళ్ళ కిందట పోయిందో ఆ మనిషికే తెలియదు. కుడిది ఒక్కటే రెండింటి చాకిరీ చేస్తూ వచ్చింది.

ఇక చుక్కల మందు వేయాలి. కంటిపాప పెద్దదైతేనే లోపలికి చూడడానికి వీలవుతుంది. రోజూ వేసే మందు చిన్న సీసాలో ఉంటుంది. దాని మసక రెండు దినాల్లో దిగిపోతుంది. ఆ పొద్దు ఆ సీసా అడుగంటింది. పక్కనే పెద్ద సీసాలో గట్టి మందు ఉంది. అదీ పాపను విప్పుతుంది గానీ దాని మసక పది పన్నెండు రోజులు వదలదు. తనను అడగకుండా పెద్ద సీసా ముట్టుకున్నవాళ్ళు మళ్ళీ మందుల గది గడప తొక్కకూడదని దొరసానమ్మ గట్టి కట్టడి పెట్టింది. దొరసానమ్మ అవతల గదిలో కాన్పు చూస్తోంది. ఈ ఒక్కసారికే కదా, సొంత అన్నకే కదా అనుకుంది జ్ఞానమణి. పెద్ద సీసాలోంచే చెరో రెండు చుక్కలు వేసింది. నోరు మాత్రం రోజుకు పదిసార్లు చెప్పే మాటే అలవాటుగా చెప్పేసింది.

"కొంచెం మసకబడ్తాది. రెండు దినాల్లో సరిపోతాదిలే అన్నా."

అయ్యో, ఆ ఒక్క మాట నాలుక మీదే ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది! ఆ తర్వాత ఆ మాట ఆమెకు తిండి తినేటప్పుడూ గుర్తొచ్చేది, జుట్టు దువ్వుకునేటప్పుడూ గుర్తొచ్చేది.

చీకటి గదిలో దొరసానమ్మ మొదట ఎడమ కంటిలోకి చూసింది. ఆమెది పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు. "గడియారములో తొమ్మిది గంటల వైపున ఎర్ర చుక్క. దాని క్రింద మరి రెండు. మధ్యన పసుపు మచ్చలు, గుంపుగా" అని చెబుతూ పోయింది. ఎర్ర పెన్సిలు ములుకు అరిగింది. జ్ఞానమణి బ్లేడుతో చెక్కుకుని మళ్ళీ గీసింది. తర్వాత కుడి కన్ను. దొరసానమ్మ ఒకసారి చూసి, గొట్టం తుడిచి, మళ్ళీ వంగి చూసింది.

"ఇచ్చట క్రొత్త నాళములు పుట్టినవి. చిక్కుపడిన వెంట్రుకల వలె వ్రాయుము. మిక్కిలి సన్నగా."

కొత్త నాళాలంటే ఏమిటో జ్ఞానమణికి తెలుసు. ఒంట్లోకెల్లా పలచనివి. దగ్గినా తుమ్మినా తట్టుకుంటాయేమో గానీ బరువెత్తితే తెగుతాయి. తెగితే కంటి నిండా రక్తమే. అలాంటి చిక్కు ఇంతకు ముందు రెండే బొమ్మల్లో గీసింది. ఆ రెండో మనిషి బావిలోంచి నిండు బానను పైకి లాగుతుండగా గుడ్డివాడయ్యాడు. ఇప్పుడదే అన్న కంట్లో గీయాలి. అన్న ముందు ఏడవకూడదని పెదవి కొరుక్కుంటూ గీసింది.

దీపం పెంచాక దొరసానమ్మ స్పష్టంగా చెప్పింది. మూడు నెలలు ఆస్పత్రిలో ఉండాలి. రోజూ సూది వేయించుకోవాలి. బెల్లం, వరి అన్నం ముట్టకూడదు. "నీవు బరువు ఎత్తరాదు. ఒక చెంబెడు నీళ్ళకన్న ఎక్కువ ఎత్తరాదు. ఇది నయము చేయు మందు నా యొద్ద లేదు. కాచుకొనుట ఒక్కటే మార్గము."

"సరేమ్మా, వస్తా. ఆదివారం వాక్యం చదివేసి, సోమవారం వస్తా" అన్నాడు శాంతయ్య. బయటికి రాగానే ఎండ కళ్ళలో పొడిచినట్టైంది. తువ్వాలు ముఖం మీదికి లాక్కుని, చెల్లెలి భుజం పట్టుకుని నవ్వాడు. "బాగ కనపడే కండ్లతో వచ్చినోన్ని, ముసలోన్ని మాదిరి పంపిస్తాండావు గదమ్మే!"

సోమవారం రాలేదు. దొరసానమ్మ మీటింగులకని కర్నూలు పోయింది, పదిహేను రోజులకు గాని రాదు. గురువారం మధ్యాహ్నం ఆస్పత్రి వరండాలో చెప్పులు టపటపా చప్పుడయ్యాయి. వదిన ప్రేమమ్మ. కొంగు నడుముకు దోపుకుని ఉంది. పోట్లాటకు వచ్చినట్టే ఉంది వాలకం.

"ఏం జేసినారమ్మా నా మొగుని కండ్లను? ఆదివారం పుస్తకం దెరిసి నిలబడినాడు. ఒక్క అచ్చరం కనబడ్ల్యా. గుడి నిండా జనం! పిల్లోళ్ళు నవ్వినారు. నా మొగుడు తల వంచుకోని కిందికి దిగొచ్చినాడు. ఆయప్ప అప్పుడు పండుకున్నోడు ఇంగా మంచం దిగల్యా. రెండు దినాలన్నావే నువ్వు! ఎన్ని దినాలైంది?"

నిజం చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. పెద్ద సీసా, నా తప్పు, ఇంకో వారంలో దానంతట అదే పోతుంది. మూడు ముక్కలు. వరండాలో ఇద్దరు నర్సులు నిలబడి వింటున్నారు. మందుల గది తాళంచెవి జ్ఞానమణి నడుముకు వేలాడుతోంది.

"తగ్గుతాదిలే వదినా. కొందరికి లేటవుతాది" అంది.

"నీ తగ్గడం నీ కాడనే పెట్టుకో. మేం జూసుకుంటాం" అని ప్రేమమ్మ విసురుగా వెళ్ళిపోయింది.

వాళ్ళు ఎలా చూసుకున్నారో తర్వాత తెలిసింది. కంటి వైద్యానికి చుట్టుపక్కల పేరున్న గిడ్డమ్మను పిలిపించారు. ఆమె పొద్దునా సాయంత్రం నందివర్ధనం పూల రసం కళ్ళలో పిండింది. సంఘం పెద్ద ఏసేపు వాళ్ళింట్లోనే ఉపవాస ప్రార్థన పెట్టాడు. ఆస్పత్రిలో చుక్కలు వేసిన సరిగ్గా పదకొండో రోజు పొద్దున శాంతయ్య మంచం మీదనే లేచి కూర్చుని, ఎదురుగోడకున్న క్యాలెండరు మీది తేదీ చదివాడు. ఇంకేముంది, ఊరు ఊరంతా పండగే. గిడ్డమ్మ తన పూల మహిమంది. ఏసేపు ప్రార్థన మహిమన్నాడు. పదకొండు రోజులకు దిగే మందు పదకొండు రోజులకు దిగిందని చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉంది. ఆ మనిషి కర్నూలు నుంచి తిరిగొచ్చిన దొరసానమ్మకు కూడా చెప్పకుండా, ఆస్పత్రిలో కట్లు చుడుతూ కూర్చుంది.

చూపుతో పాటు జబ్బూ పోయిందని అందరూ అనుకున్నారు. అలా ఎందుకు అనుకోరు? ఆస్పత్రివాళ్ళు కళ్ళు పోతాయన్నారు, అన్నట్టే పోయాయి, దేవుడు తిరిగి ఇచ్చాడు. ఇక సూదులెందుకు? ప్రేమమ్మ బెల్లం దంచి పూర్ణం పెట్టి బక్షాలు చేసి పెట్టింది. శాంతయ్య ఎనిమిది తిన్నాడట.

ఇంతలో కోతల పండగ వచ్చింది. నల్లదిన్నెలో ఆ పండగకు ఒక ఆచారం ఉంది. ప్రతి ఇల్లూ కొత్త జొన్నలు ఒక పడి కొలిచి తెచ్చి, గుడి ముందర తెరిచి నిలబెట్టిన గోనె గోతాంలో పోస్తుంది. వాక్యం చదివేవాడు ఆ మూటను ఒక్కడే వీపుకెత్తుకుని, ఐదు మెట్లెక్కి, గుడి లోపల పీఠం దగ్గరి బల్ల ముందు దించాలి. మధ్యలో దించితే ఆ ఏడు పంటకు చేటంటారు. లేవి మోశాడు, తర్వాత శాంతయ్య మోస్తున్నాడు. మోసినవాడే పుస్తకం తెరిచి చదవాలి. ఈ ఏడు శాంతయ్యకు చూపు వచ్చినందుకు కృతజ్ఞతగా ప్రతి ఇల్లూ రెండేసి పడులు పోయాలని ఏసేపు చాటించాడు.

ఆ మాట కూరగాయలమ్మే మనిషి నోట జ్ఞానమణి చెవిన పడింది. ఆ ఆదివారం తెల్లవారకముందే లేచి, బీరువాలోంచి కాగితం తీసి రవికలో దోపుకుని, ఐదు మైళ్ళు పరుగులాంటి నడకతో పోయింది.

శాంతయ్య ఇంటి ముందు కొత్త పంచె కట్టుకుని, మీసం దువ్వుకుంటున్నాడు. ఆమె కుడి కంటి బొమ్మ విప్పి చూపించింది. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఇది నా కన్నా? నేనేమో మన కుందేరు ఏటి పటం అనుకుంటి! ఇదో ఈ ఎర్ర చుక్క మన ఊరు. ఇది కోయిలకుంట్ల. మరి ఈ చిక్కేందిమ్మే, మీ వదిన తలా?"

"ఎగతాళి కాదన్నా. ఆ చిక్కు తెగిందంటే నువ్వు మళ్ళా అచ్చరం చూడవు. ఈ పొద్దు మూట ఎత్తొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"నేను ఎత్తకపోతే ఎవరెత్తాలే? నాయన మోసిన మూట. పోయిన నెల తల వంచుకోని దిగొచ్చినోన్ని, ఈ పొద్దు తల ఎత్తుకోని పోతాండా. దాన్ని ఆపుతావా నువ్వు?" ఆయన గొంతులో నవ్వు పోయింది. కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టి, గుడి వైపు నడిచాడు.

గుడి ముందు తప్పెట్లు మోగుతున్నాయి. గోతాం నోటిదాకా నిండి, నారతాడుతో కుట్టి ఉంది. దాన్ని చూడగానే జ్ఞానమణికి ఉద్యోగమూ గుర్తు రాలేదు, తాళంచెవీ గుర్తు రాలేదు. జనాన్ని తోసుకుంటూ పోయి మెట్ల దగ్గర అన్నకు అడ్డం నిలబడింది.

"అందరూ వినండప్పా! మా అన్న కండ్లు మసకబడింది జబ్బుతో కాదు. నా వల్ల. చిన్న సీసాలో మందు లేకుంటే పెద్ద సీసాలో గట్టి మందు ఏసినా. చెప్పకుండా దాచిపెట్టినా. అది పదకొండు దినాలకు దానంతట అదే దిగిపోయింది. జబ్బు యాడికీ పోలేదు. కంటి ఎనక అట్లనే ఉండాది. మూట ఎత్తనీయొద్దండి!"

తప్పెట్లు ఆగిపోయాయి. అందరూ ఏసేపు వైపు చూశారు. ఏసేపు చెడ్డవాడు కాదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా రెండు చేతులూ పైకెత్తాడు.

"ఇన్నారా బిడ్డలారా! ఆస్పత్రిలో మందు మారిపోయిందంట! ఈన్ని గుడ్డోన్ని చేసే మందు కండ్లల్లో పోసినారంట! అంత మందు పోసినా దేవుడు ఈని చూపు నిలబెట్టినాడు! స్తోత్రం!"

"స్తోత్రం!" అని జనం ఒక్కసారిగా అరిచారు. ఎవరో ఇంకో పడి జొన్నలు తెచ్చి, కుట్టు సందులోంచి గోతాంలోకి దూర్చారు. జ్ఞానమణి నెత్తీ నోరూ కొట్టుకున్నా ఎవరికీ వినబడలేదు. నెల కిందట వరండాలో చెప్పి ఉంటే దాన్ని నిజమని నమ్మేవాళ్ళు. ఈ పొద్దు చెబితే దేవుడి మహిమకు సాక్ష్యమైపోయింది.

శాంతయ్య మాత్రం విన్నాడు. చెల్లెలి ముఖంలోకి చూశాడు. "నా కండ్లల్లోకా మణీ?" అన్నాడు మెల్లగా. "ఏసి, దాచిపెట్టినావా? పక్కకు జరుగు."

వంగి, మూట వీపుకెత్తుకున్నాడు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. ముఖం నల్లబడింది. మొదటి మెట్టు. రెండో మెట్టు దగ్గర మూట జారితే మోకాలితో ఎగదోసుకున్నాడు. మూడు, నాలుగు, ఐదు. బల్ల ముందు దించి నడుము నిలబెట్టేసరికి గుడి కప్పు లేచిపోయేలా తప్పెట్లు మోగాయి. ప్రేమమ్మ గర్వంతో ఏడ్చింది.

ఆయన పుస్తకం తెరిచాడు. రెండు వరసలు చదివాడు. ఆ గొంతు విని జ్ఞానమణి కూడా ఒక్క క్షణం నమ్మింది. తాను భయపడిందంతా ఉత్తదేనేమో, కాగితాలే తప్పేమోనని ఆశపడింది.

మూడో వరస మధ్యలో ఆయన ఆగిపోయాడు. అరచేత్తో పేజీ తుడిచాడు. తలెత్తి అటూ ఇటూ చూశాడు.

"గుడిలో పొగ ఎవరు బెట్టినారప్పా?"

"పొగ యాడిదప్పా, కానీ కానీ" అన్నాడు ఏసేపు సంతోషంగా.

శాంతయ్య మళ్ళీ పేజీ తుడిచాడు. ఒక ఆకు ముందుకు తిప్పి, వెనక్కి తిప్పాడు. తర్వాత తల నిటారుగా పెట్టి చదవడం మొదలుపెట్టాడు. గొంతు ఏమాత్రం తగ్గలేదు. జనం తలలూపుతూ విన్నారు. జ్ఞానమణికి మాత్రం రెండో మాటకే సంగతి తెలిసిపోయింది. అది కోతల పండగ వాక్యం కాదు. చిన్నప్పుడు, ఇంకా అక్షరాలు రాకముందు, నాయన తమ ఇద్దరికీ నోటిపాఠంగా నేర్పిన కీర్తన. పేజీ మీద ఆయన వేలు ఒకే చోట నిలిచి ఉంది.

అంతా అయ్యాక జనం భోజనాలకు పోయారు. శాంతయ్య పీఠం పక్కన మెట్టు మీద కూర్చుని, పుస్తకం మూయకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. అడుగుల చప్పుడుకు తలెత్తాడు. చూపు ఆమె ముఖం మీద కాక, పక్కనున్న గోడ మీద ఆగింది.

"మణీ, నువ్వేనా? ఆస్పత్రి వాసన వస్తాంది."

"నేనే అన్నా."

"అంతా ఎర్రగుండాదిమ్మే. కుందేట్లో కొత్తనీళ్ళు వచ్చినట్ల. ఏమీ కనపడ్ల్యా." ఆయన చెయ్యి గాలిలో తడిమి, ఆమె మణికట్టు దొరకబుచ్చుకుంది. గొంతు తగ్గించాడు. ఆ గొంతు అలా బతిమాలడం ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. "పొద్దున ఆ బొమ్మ చూపిచ్చేటప్పుడు నా కంట్లో మందేమన్నా ఏసినావా? ఏసింటే చెప్పు తల్లీ. ఏమీ అనను. కోప్పడను. రెండు దినాలన్నా సరే, పదకొండు దినాలన్నా సరే, ఊరికే పండుకోనుంటా. ఏసినావు గదా?"

రోజుకు పదిసార్లు చెప్పే ఆ రెండు దినాల మాట అలవాటుగా ఆమె నోటిదాకా వచ్చింది. రెండో చేత్తో నోరు మూసుకుంది. బయట భోజనాల బంతిలో ఎవరో శాంతయ్యకు బక్షాలు వడ్డించామని కేక వేశారు. ఆయన ఆమె మణికట్టు వదలకుండా, జవాబు కోసం ముఖం ఆమె గొంతు వినబడిన వైపే పెట్టుకుని కూర్చున్నాడు.